తరువులు కూల్చి, వనములు చెరిచి... పాట ఎక్కడ తెగింది?

ప్రశ్న: పాటలు రాయడం ఈమధ్యే మొదలుపెట్టాను. పర్యావరణం మీద ఒకటి రాశాను. ఏ లైనుకు ఆ లైను బాగుందంటున్నారు. మొత్తం విన్నాక మాత్రం "నినాదాలు వరసపెట్టి చదివినట్టుంది" అన్నాడు నా స్నేహితుడు. ఒకే మాట రెండుసార్లు వాడకూడదని స్కూల్లో నేర్పారు కాబట్టి పర్యాయపదాలు వెతికి వెతికి వేశాను. అంత్యప్రాసలు కూడా కుదిరాయి. అయినా అతుకులు కనిపిస్తూనే ఉన్నాయి. లోపం ఎక్కడుంది? చివరి చరణాన్ని ఆశతో ముగించాలా, హెచ్చరికతో ముగించాలా? పల్లవి, మొదటి చరణం పంపుతున్నాను.

ప్రకృతిని కాపాడు, పర్యావరణాన్ని కాపాడు
పచ్చదనమే ప్రాణమంటూ ప్రపంచానికి చాటి చూడు

తరువులు కూల్చి, వనములు చెరిచి, చెట్టు విలువ మరిచాము
ఓజోన్ పొరకు చిల్లులు పొడిచి భూమిని వేడెక్కించాము
నదిలో విషం కలిపారు, జలచరాలను చంపారు
మేలుకోకపోతే మీరు రేపు మిగిలి ఉండరు

సమాధానం: మీ స్నేహితుడికి మంచి చెవి ఉంది. ఆయన్ని వదులుకోకండి.

ముందు ఆ స్కూలు సూత్రాన్ని పక్కన పెట్టేయండి. వ్యాసం చదివేవాడు కావాలంటే వెనక్కి వెళ్లి పై లైను చూసుకుంటాడు. పాట వినేవాడికి ఆ వీలు లేదు. లైను వినపడింది, పోయింది. మళ్లీ మళ్లీ వచ్చే మాటే అతనికి దారిలో గుర్తు. మీరేమో ప్రతి మలుపులో గుర్తు మార్చేశారు. "తరువులు" అనగానే అతని మనసులో ఒక చెట్టు లేవబోతుంది. అది లేచేలోపు "వనములు" అన్నారు. అడవి కనబడబోయేసరికి "చెట్టు" అన్నారు. మూడు మాటలూ చుట్టాలే, కానీ ముగ్గురూ ఒకేసారి వచ్చి మూడు తలుపులు తడితే ఏది తీయాలి?

పైగా ఈ మూడింటిదీ ఒకే ఇంటి భాష కాదు. తరువు, వనము పద్యాల వైపు నుంచి వచ్చినవి. వాటి పక్కన పుష్పం, ఫలం, లత ఉంటేనే వాటికి కాలు నిలుస్తుంది. చెట్టు మన నోట్లో మాట. దానికి కొమ్మ, కాయ, నీడ, గూడు కావాలి. మాను అన్నారనుకోండి, దాని బరువే వేరు. "మాను కూలింది" అంటే చప్పుడు వినిపిస్తుంది. "తరువు కూలింది" అంటే అర్థమవుతుంది, అంతే.

ఇందులో నేనూ దెబ్బతిన్నవాణ్నే. కొత్తలో ఒక చరణంలో వాన, వర్షం, వృష్టి, జల్లు అన్నీ కూరేసి తెగ మురిసిపోయాను. ట్యూన్ కట్టే ఆయన కాగితం చూసి, "బాగుందండీ, ఇంతకీ వాన పడ్డట్టా, పడనట్టా?" అన్నాడు. ఆ రోజు ఒళ్లు మండింది. నేను రాసింది వాన పేర్ల జాబితా అని తెలియడానికి కొంత కాలం పట్టింది.

అలాగని దగ్గరి మాటలన్నీ చెడ్డవని కాదు. చినుకు, జల్లు, వాన, జడివాన, వరద తీసుకోండి. ఇవి ఒకదాని బదులు ఒకటి వాడుకునేవి కావు, ఒకదాని మీద ఒకటి ఎక్కేవి. ఈ వరసలోనే వేస్తే నాలుగు లైన్లలో ఆకాశం మారిపోతుంది. మట్టి, నేల, భూమి కూడా అంతే. మట్టి చేతికి అంటుకుంటుంది. నేల కాళ్ల కింద ఉంటుంది. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంది, లేదంటే దస్తావేజుల్లో ఉంటుంది. చేతి నుంచి కాళ్లకు, కాళ్ల నుంచి గోళానికి వెళ్లే పాటలో మూడూ పని చేస్తాయి. ప్రాస కోసం ఒకదాని స్థానంలో ఇంకొకటి పడేస్తే మూడూ ఉత్తవైపోతాయి.

ఇక మీ పాటలో అసలు గండి ఇంకో చోట ఉంది. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు? పల్లవిలో "కాపాడు" అన్నారు, అంటే ఎదురుగా "నువ్వు" ఉన్నాడు. చరణంలో "మరిచాము", ఇప్పుడు మనమో మేమో. మూడో లైనులో "కలిపారు", ఇది వాళ్లా, మీరా? తెలుగులో రెండింటికీ క్రియ ఒకటే కాబట్టి వినేవాడు వాళ్లెవరో అనుకుని హాయిగా కూర్చుంటాడు. నాలుగో లైనులో "మీరు" అంటూ వేలు అతని వైపే తిప్పారు. ఆరు లైన్లు తిరక్కుండానే తప్పు చేసినవాళ్లు మూడుసార్లు మారారు. చెట్టు బదులు తరువు అన్నా జనం క్షమిస్తారు, ఇది మాత్రం క్షమించరు.

మనకు మనం, మేము అని రెండు ఉండటం ఒక వరం. చాలా భాషల్లో ఈ తేడా చూపే రెండు మాటలు లేవు. పర్యావరణం పాటలో ఈ తేడా ప్రాణంతో సమానం. "మేము నరికాం" అంటే ఒప్పుకోలు. "మనం నరికాం" అంటే వినేవాడి చేతిలోనూ గొడ్డలి పెట్టడం. కానీ "నరికాం" అన్న క్రియలో ఈ తేడా కనబడదు, రెండింటికీ అదే రూపం. అందుకే సర్వనామం వదిలేసే అలవాటున్నా, కనీసం ఒక్కసారి, అదీ పాట మొదట్లో, "మనం" అనో "మన" అనో పైకి అనండి. తర్వాత వదిలేసినా ఆ నీడ చివరిదాకా వస్తుంది.

ఓజోన్ లైను గురించి చెప్పకపోతే తప్పవుతుంది. ఓజోన్ పొర సన్నబడటం ఒక కథ, భూమి వేడెక్కడం ఇంకో కథ. మొదటిదానికి కారణం ఫ్రిజ్‌లలో, స్ప్రేలలో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్లు. దాని వల్ల మనకు తగిలేది అతినీలలోహిత కిరణాలు. 1987లో మాంట్రియల్ ఒప్పందంతో వాటి వాడకం తగ్గించడం మొదలైంది, పొర నెమ్మదిగా కోలుకుంటోంది. భూమి వేడెక్కడానికి ముఖ్య కారణం బొగ్గు, చమురు, గ్యాస్ మండించడంతో గాలిలో పెరిగిన కార్బన్ డయాక్సైడ్. ఆ రసాయనాలకూ వేడిని పట్టి ఉంచే గుణం ఉంది గానీ, పొరకు చిల్లు పడి భూమి వేడెక్కిందనడం సరికాదు. ఇది సైన్స్ తప్పు మాత్రమే అయితే నేను ఇంత రాసేవాణ్ని కాదు. పదాల అల్లికకు సంబంధించిన తప్పు కూడా. రెండు మాటలూ పర్యావరణం అన్న ఒకే అరలో దొరికాయి కాబట్టి పక్కపక్కన పెట్టేశారు. ఒకే అరలో ఉన్నంత మాత్రాన ఒకదాన్నొకటి పట్టుకోవు. పొగ, వేడి, మంచు, కడలి, ఒడ్డు చూడండి. పొగ వేడిని పట్టి ఉంచుతుంది, వేడికి కొండల మీది మంచు కరుగుతుంది, ఆ నీళ్లు కడలిలో చేరతాయి, కడలి ఒడ్డు మీదికి వస్తుంది. ఈ మాటల్ని కలుపుతున్నది కారణం. ప్రాస లేకపోయినా ఇవి విడిపోవు.

1976లో హాలిడే, రుఖయా హసన్ అనే ఇద్దరు భాషాశాస్త్రవేత్తలు ఇంగ్లిష్ వాక్యాలు ఒకదాన్నొకటి ఎలా పట్టుకుంటాయో వివరంగా ఒక పుస్తకం రాశారు. వాళ్లు చెప్పిన ఐదు పట్లలో ఒకటి పదాల ఎంపిక. అందులో మళ్లీ రెండు రకాలు: అదే మాటనో దాని దగ్గరి మాటనో తిరిగి తేవడం, మామూలుగా కలిసి తిరిగే మాటల్ని దగ్గర పెట్టడం. చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. మొదటి రకంలో సగం మనం పరీక్షల కోసం బట్టీ పట్టి మరిచిపోయిన శబ్దాలంకారాలే కదా! ఒక పాదం చివరి మాటతో తర్వాతి పాదం మొదలైతే ముక్తపదగ్రస్తం. అదే మాట, అదే అర్థంతో వచ్చినా తాత్పర్యం మారితే లాటానుప్రాస. రూపం ఒకటే ఉండి అర్థం మారితే యమకం. రెండు మార్కుల కోసం చదివినవి, ఇప్పుడు బయటికి తీయండి.

మీ చరణంలో చెట్టు, ఓజోన్, భూమి, నది, చేపలు ఉన్నాయి. ఇన్నింటిలో ఒక్కదాన్నే ఉంచుకుని మిగతావి వదిలేయమంటే ఏది ఉంచుతారు? నేను నదిని ఉంచాను. అది కూడా "నది" అంటే పాఠ్యపుస్తకంలా ఉందని "ఏరు" అన్నాను. సరదాగా ఒక ప్రయత్నం:

ఏరు ఏదీ, మన ఏరు ఏదీ
నిన్నదాకా పాడుతున్న ఏరు ఏదీ

ఊటలో పుట్టింది పాట
పాటతో నిండింది రేవు
రేవులో ఆగింది పడవ
పడవ కిందిప్పుడు ఇసుక

గొప్ప సాహిత్యమని చూపించడం లేదు, ఎక్కడెక్కడ ముడి వేశానో చూడండి. ప్రతి లైను చివరి మాట తర్వాతి లైనును చెయ్యి పట్టుకుని లాక్కొస్తోంది, అదే ముక్తపదగ్రస్తం. ఊట, రేవు, పడవ, ఇసుక ఏటి ఇంట్లోని సామాన్లే, కాబట్టి "ఏరు" అన్న మాట చరణంలో ఎక్కడా రాకపోయినా ఏరు కదలదు. "పాట" ఒక్కటే బయటిది. దానికి దారి పల్లవిలోని "పాడుతున్న" ముందే వేసిపెట్టింది. మూడు లైన్లలో పుట్టింది, నిండింది, ఆగింది అని క్రియలున్నాయి. నాలుగో లైనులో క్రియే లేదు. ఏరు ఆగిపోయిందని చెప్పకుండా వాక్యాన్నే ఆపేశాను. మొదటి మూడింటిలో క్రియ క్రమం తప్పకుండా రావడం వల్లనే నాలుగోదాంట్లో లేకపోవడం వినిపిస్తుంది.

కాలుష్యం, పర్యావరణం, ప్రకృతి అన్న మాటలు అక్కడ లేవన్నది మీరు గమనించే ఉంటారు. వాటి మీద నాకు కోపం లేదు. పాడి చూడండి, "పర్యావరణాన్ని" అన్నప్పుడు గొంతు గతుకుల రోడ్డు మీద వెళ్తుంది. "ఏ..రు" అన్నప్పుడు ఆ దీర్ఘాన్ని ఎంతసేపైనా సాగదీయొచ్చు.

ఇంకో లాభం మన వ్యాకరణం ఉచితంగా ఇస్తుంది. తెలుగులో ఏకవచనంలో ఆడవాళ్లకూ వస్తువులకూ క్రియ ఒకటే: అమ్మ పాడింది, ఏరు పాడింది. "ఏదీ" కూడా అంతే. అమ్మ ఏదీ అంటాం, ఏరు ఏదీ అంటాం, నాన్నయితే ఏడీ అంటాం. కాబట్టి "నదీమతల్లీ" అని గట్టిగా పిలవక్కర్లేదు. సర్వనామం వదిలేసి "ఎదురుచూసింది, చిక్కిపోయింది, చెప్పకుండా వెళ్లిపోయింది" అని రాసుకుంటూ పోండి. ఏరో అమ్మో వినేవాడే తేల్చుకోలేక రెండూ మోస్తాడు. బహువచనంలో ఈ సౌకర్యం ఉండదు. చెట్లు నిలబడ్డాయి అనాలి. "చెట్లు నిలబడ్డారు" అన్నారంటే అది ఎవరికైనా వినిపించే నిర్ణయం. కావాలనుకుంటే పాట మొత్తంలో ఒక్క చోట వాడండి.

యమకానికి ఉదాహరణగా "కోత" అన్న మాట ఇస్తాను, మీకు నచ్చితే తీసుకోండి. కోతకొచ్చిన చేను. కోతకు పోయిన ఒడ్డు. కడుపుకోత. మూడూ రోజూ వాడే మాటలే, ఎవరూ కవిత్వం కోసం తయారుచేసినవి కావు. మూడింటినీ ఒకే లైనులో పేరిస్తే చమత్కారం అనిపించుకుంటుంది, చప్పట్లు కూడా పడొచ్చు, అక్కడితో సరి. చరణానికి ఒకటి చొప్పున దూరంగా వేస్తే, మూడో చరణంలో "కోత" వినగానే ముందు రెండూ వెనక్కి వస్తాయి. మాటల మధ్య ఎంత దూరం ఉండాలన్నది కూడా మాటల ఎంపికలో భాగమే.

జాతీయాలు కూడా ఇలాగే నిద్రపోతుంటాయి. రోజూ "నీళ్లొదులుకున్నాం" అంటాం, అందులో నీళ్లు ఎవరికీ కనబడవు. ఏటి పాటలో "ఏటి మీద ఆశకు నీళ్లొదులుకున్నాం" అనగానే ఆ నీళ్లకు మెలకువ వస్తుంది. గాలి మీద రాస్తే "గాలిని గాలికొదిలేశాం" ఉంది. పాటకు ఒకటి చాలు. రెండోది పడిందంటే వినేవాడు మూడోదాని కోసం కాచుకుని కూర్చుంటాడు, పాట పక్కకు పోతుంది.

సైన్స్ మాటలు, ఇంగ్లిష్ మాటలు రావచ్చా అన్న సందేహం మీకు వచ్చే ఉంటుంది. వస్తే పేరుపేరునా తెలిసిన వస్తువులా రావాలి. 1970 నాటి ఒక పాటలో కెనడా గాయని జోనీ మిచెల్, డీడీటీ అనే పురుగుమందును పక్కన పెట్టమని రైతును అడుగుతుంది. ఆ రసాయనం పేరు పక్కనే మచ్చలున్న యాపిల్స్, పిట్టలు, తేనెటీగలు ఉంటాయి కాబట్టి మూడక్షరాల ఆ పొడి మాట తోటలో కలిసిపోతుంది. అమెరికాలో డీడీటీ వాడకాన్ని దాదాపుగా నిషేధించింది ఆ తర్వాత రెండేళ్లకు. 1971లో అమెరికన్ గాయకుడు మార్విన్ గే పాడిన పాట పేరులో బ్రాకెట్లో "ఎకాలజీ" (జీవావరణం) అని ఉంటుంది, పాట లోపల ఆ మాట ఎక్కడా రాదు. లోపల విషపు గాలి, సముద్రం మీద చమురు, పాదరసం నిండిన చేపలు ఉంటాయి. పెద్ద మాట గుమ్మం దగ్గర ఆగిపోయింది, చిన్న మాటలు ఇంట్లోకి వెళ్లాయి. మీ పాటలో ప్లాస్టిక్ కావాలంటే "వల నిండా సీసాలు" అనండి. వల ఏటిదే కాబట్టి సీసా కూడా ఏట్లోకి వచ్చేస్తుంది, చేప లేదన్న సంగతి మీరు చెప్పక్కర్లేదు.

అంకెల జోలికి వెళ్లకండి. 1958లో హవాయిలోని మౌనా లోవా అగ్నిపర్వతం మీద కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల భాగాలకు 315 దాకా ఉండేది, ఇప్పుడు 420 దాటింది. తెలుసుకోవాల్సిందే. కానీ 420ని తెలుగు పాటలో పెడితే జనం నవ్వేది వేరే కారణానికి.

రాసింది అతికిందో లేదో చూసుకోవడానికి నేను చేసే పని ఒకటుంది. పాటలోని నామవాచకాలు, క్రియలు మాత్రం ఒక కాగితం మీద రాసి, ఒకదానితో ఒకటి సంబంధం ఉన్నవాటి మధ్య గీతలు గీస్తాను. ఒక్క గీత కూడా తగలని మాట ఉంటే కొట్టేస్తాను, ఎంత అందంగా ఉన్నా సరే. మీ పాటకు గీస్తే "చాటి చూడు"కు ఏ గీతా తగల్లేదు. "కాపాడు"కు ప్రాస కోసం వచ్చి కూర్చుంది, అంతే. "జలచరాలు" నదికి తగిలింది గానీ అది పరీక్ష పేపర్లో మాట. చేప అనండి, లేదా కప్ప అనండి.

చివరి చరణం సంగతి. ఆశా, హెచ్చరికా అని బయట నుంచి నిర్ణయించకండి, మొదటి చరణంలోని మాటల్నే అడగండి. చాలామంది ఇక్కడికి రాగానే ఉదయించే సూర్యుణ్నో కొత్త చిగురునో పట్టుకొస్తారు. ఏటి పాటలో సూర్యుడూ లేడు, మొక్కా లేదు, ఆ ఆశ అరువు సొమ్ము. మనకున్నది ఊట, పాట, రేవు, పడవ, ఇసుక. రెండో చరణం ఇసుకతో మొదలవ్వాలి:

ఇసుకను తవ్వాయి చేతులు
చేతులు ఎవ్వరివి? మనవే

ఏరు పైకి ఎండినా ఇసుక తన కడుపులో కొంత నీరు దాచుకుంటుంది. ఆ ఇసుకనూ లోతుగా తవ్వి ఎత్తుకుపోతే ఒడ్డు పక్క బావుల్లో నీళ్లు దిగిపోతాయి. రెండో చరణంలో మిగతా లైన్లకు ఈ విషయం సరిపోతుంది. దాని తర్వాత "ఏరు ఏదీ" అని పల్లవి వచ్చేసరికి, మొదట్లో వెతుకులాటలా ఉన్నది నిలదీసినట్టు వినిపిస్తుంది. ఒక్క అక్షరం మార్చకుండానే లాటానుప్రాస అయిపోయింది. మూడో చరణంలో కూడా అవే చేతులు, అదే ఇసుక, అదే క్రియ, తవ్వడం. ఈసారి తవ్వుతున్నది చెలమ. అందులో ఊట పడిందో లేదో మీరు చెప్పొచ్చు, చెప్పకపోవచ్చు. నేనైతే చేతులు తవ్వుతుండగానే వదిలేసి పల్లవిలోకి వెళ్లిపోతాను.